వెనక నిలబడిన మనిషి

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు తన ఫోనులో ఒక ఫొటో తీసి చూపించింది. ఏదో పెళ్లిలో తను, వాళ్లాయన, చంకలో పిల్లవాడు. ముగ్గురూ చక్కగా నవ్వుతున్నారు. వాళ్ల వెనక ఎవరో ఒకాయన గ్లాసు పట్టుకుని పక్కకు చూస్తూ నడిచిపోతున్నాడు. "ఈయనొకడు మధ్యలో. చూడత్తా, ఇప్పుడేం చేస్తానో" అని ఆ పిల్ల ఆ మనిషి మీద వేలితో అటూ ఇటూ రుద్దింది. మనిషి లేడు. ఆయన ఉన్న చోట గోడ, గోడకు కట్టిన బంతిపూల దండ, మొదటినుంచీ అలాగే ఉన్నట్టు వచ్చి కూర్చున్నాయి. "బాగుందమ్మా" అన్నాను గానీ నా మనసు కలుక్కుమంది. ఎందుకని ఆ పిల్ల అడిగి ఉంటే చెప్పడానికి చాలాసేపు పట్టేది. అది అడగలేదు, ఫోను పట్టుకుని పక్క గదిలోకి వెళ్లిపోయింది. అడగకపోయినా చెప్పే వయసు నాది. అందుకని రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన కాలం అది. అనంతపురంలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉండేదాన్ని. వర్షాభావ ప్రాంతం అంటే ఏమిటో పిల్లలకు చెప్పడానికి నాకు మ్యాపు అక్కర్లేదు, కిటికీ తెరిస్తే చాలు. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు కొత్త డిజిటల్ కెమెరా కొనుక్కుని, పాతది నాకిచ్చేశాడు. అరచేతిలో పట్టేంత వెండి రంగు డబ్బా. రీలు లేదు, కడిగించే పని లేదు, ఎన్ని తీసినా తప్పు లేదు. ఆ స్వేచ్ఛతో నాకు మతి పోయింది. గంపలో వంకాయలు తీశాను. ఆరేసిన చీరలు తీశాను. ఎదురింటి మేడ మీద ఎండబెట్టిన మిరపకాయలు తీస్తుంటే ఆ ఇంటామె దిష్టి తగులుతుందని గోనెపట్టా కప్పింది. మా ఆయన స్నానం చేసి తల తుడుచుకుంటూ బయటికి వస్తే తీశాను. ఆ తర్వాత చాలా రోజులపాటు ఆయన ముందు తలుపు సందులోంచి చూసి గానీ బయటికి వచ్చేవాడు కాదు.

తీసినవి ఎవరికి చూపించాలి? ఇంట్లోవాళ్లకు రెండు వారాల్లో విసుగొచ్చింది. అప్పుడు మా తమ్ముడే ఇంటర్నెట్టులో ఒక గుంపు గురించి చెప్పాడు. ఫొటోలు తీయడం కొత్తగా నేర్చుకుంటున్న తెలుగువాళ్లంతా అక్కడ చేరేవాళ్లు. ఒకరు బొమ్మ పెడితే మిగతావాళ్లు దాని కింద నాలుగు మాటలు రాయాలి. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్లం. చదవడం మొదట్లో కళ్లకు ముళ్లు గుచ్చినట్టుండేది, తర్వాత అలవాటైంది. మా ఇంట్లో కంప్యూటరు లేదు. టవర్ క్లాక్ దగ్గర సందులో ఒక నెట్ సెంటర్ ఉండేది. దాన్ని నడిపే భాయ్ నాకోసం శనివారం మధ్యాహ్నం మూల కంప్యూటరు ఖాళీగా ఉంచేవాడు. నేను ఫొటో ఎక్కిస్తుండగా కరెంటు పోతే నాకంటే ఆయనే ఎక్కువ బాధపడేవాడు. "ఇంగ రోంత ఉంటే ఎక్కిపోయేది మేడమ్" అనేవాడు, బావిలోంచి బొక్కెన పైదాకా వచ్చి తెగినట్టు.

ఆ గుంపులో ముఖాలు తెలియని బంధుత్వాలు ఏర్పడ్డాయి. రిటైరైన ఇంజనీరు ఒకాయన అందరికీ పెద్ద. ఆయన్ని మేమంతా పెద్దాయనే అనేవాళ్లం. బొమ్మలో ఆకాశం వంగిందనీ, మనిషి పాదాలు తెగిపోయాయనీ ఆయన చెబితే నేను మళ్లీ వెళ్లి అదే బొమ్మ తీసుకొచ్చేదాన్ని. హైదరాబాదు నుంచి ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు, దుబాయి నుంచి ఒక నర్సమ్మ. గోదావరి జిల్లా నుంచి ఒకాయన ఉండేవాడు, పోస్టాఫీసులో ఉద్యోగం. అందుకని నా మనసులో ఆయన పేరు పోస్టాఫీసాయన. ఆయన తక్కువ రాసేవాడు. "బాగుందండి. వెలుగు బాగా పడింది" అంతే. తను పెట్టేవి కూడా తలుపులు, గోడలు, దడి మీద ఎక్కిన కోడిపెట్టలు. కాలవల దేశంలో ఉండి ఒక్క నీళ్ల బొమ్మ పెట్టరేమని నర్సమ్మ ఒకసారి అడిగింది. నీళ్ల మొహం చూడని మా అనంతపురం తరఫున నేనూ వంత పాడాను. మరుసటి వారం ఆయన మరో తలుపు బొమ్మ పెట్టాడు.

ఆ ఏడు వేసవికి ముందు వరసగా రెండేళ్లు వానలు లేవు. మా పెద్దమ్మ వాళ్లది గుమ్మఘట్ట దగ్గర పల్లె. ఆ పక్కన సగం మాటలు తెలుగు, సగం కన్నడం. ఊరి బయట దారి పక్కన పశువులకు గడ్డి పంచే క్యాంపు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ ఎద్దుల్నీ ఆవుల్నీ తోలుకొచ్చి అక్కడే కట్టేసి, అక్కడే వండుకుని, అక్కడే పడుకునేవాళ్లు. పెద్దమ్మను చూడ్డానికి వెళ్లినప్పుడు నేనూ ఆమెతో క్యాంపుకు వెళ్లాను. పెద్దమ్మకు అప్పటికి ఒక్క ఆవు మిగిలింది. పక్కటెముకలు బయటికి కనబడుతున్న ఆ ఆవు నోటికి ఆమె గుప్పెడు గుప్పెడుగా గడ్డి అందిస్తుంటే, ఆవు గడ్డి వదిలేసి ఆమె ముంజేతిని నాకింది. నేను అప్పుడే మీట నొక్కాను. తీసింతర్వాత తెలిసింది, ఇంతవరకూ నేను తీసినవన్నీ వంకాయలేనని.

శనివారం దాన్ని గుంపులో పెట్టాను. మెచ్చుకున్నారు. అంతకుముందు నేను అంత మెచ్చుకోలు ఎరగను. పెద్దాయన కూడా మెచ్చుకుని, చివర ఒక మాట రాశారు: "వెనక కుడివైపు గడ్డిమోపుతో ఒక మనిషి నిలబడ్డాడు. కన్ను అటు పోతోంది. అతన్ని కోసేస్తే బొమ్మ నిండుగా ఉంటుంది." మిగతావాళ్లూ అవునంటే అవునన్నారు. నేను అంతవరకూ ఆ మనిషిని చూడనేలేదు. చూస్తే నిజమే. గడ్డిమోపు నేల మీద దించి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఒక కాలి మీద బరువు వేసి, ఎవరో పిలిచినట్టు ఇటు తిరిగి నిలబడ్డాడు. ముఖం మసకగా ఉంది. వచ్చే శనివారం అతన్ని కోసేసి మళ్లీ పెడతానని రాసి ఇంటికొచ్చాను.

మరుసటి శనివారం నా మెయిలు పెట్టె తెరిస్తే పోస్టాఫీసాయన నుంచి నాకొక్కదానికే ఉత్తరం ఉంది. "మేడంగారూ, ఆ మనిషిని కొయ్యకండి. ఆ ఫొటో పెద్దది మీ దగ్గర ఉంటే నాకు పంపగలరా? అది ఏ ఊరో చెప్పగలరా?" ఇంతే. అంత తక్కువ మాట్లాడే మనిషి ఇలా రాశాడంటే ఏదో ఉందని అనుకున్నాను. పెద్ద ఫొటో పంపడం అప్పట్లో పెద్ద పని. నీలం గీత పాకుతూ పాకుతూ సగందాకా వెళ్లి ఆగిపోయేది. భాయ్ మిగతా కంప్యూటర్ల దగ్గరున్న పిల్లల్ని లేపేశాడు. "మేడమ్ది అర్జెంటు ఉండాది, మీ ఆటలు తర్వాత" అన్నాడు. ఎండ గోడ దిగే వేళకు ఫొటో వెళ్లింది. కింద మా ఇంటి ఫోను నంబరు రాశాను గానీ ఊరు పేరు మాత్రం నేను రాయలేదు. ఎందుకు రాయలేదో అప్పుడు నాకే సరిగ్గా తెలియదు.

మర్నాడు ఉదయం ఇంటికి ఫోను వచ్చింది. పోస్టాఫీసాయన గొంతు నేను వినడం అదే మొదలు. "ఆయన మా అన్నయ్యండి" అన్నాడు. తర్వాత మొదటినుంచీ చెప్పాడు. అన్నయ్యకు ఒకతే కూతురు. ఇంకా బడికి కూడా వెయ్యలేదు. ఒకరోజు అన్నయ్య ఎడ్లను కడగడానికి కాలవకు వెళ్తూ పాపను వెంట తీసుకెళ్లాడు. గట్టు మీద కూర్చోబెట్టి ఎడ్లను దింపాడు. దారినపోయే ఎవరో పలకరిస్తే బదులు చెప్పాడు. తిరిగి చూస్తే గట్టు మీద పాప లేదు. దిగువన కాలవ లాకుల దగ్గర దొరికింది. ఆ నెలలోనే ఒకరోజు సంతకు వెళ్లొస్తానని బయల్దేరిన మనిషి ఇక రాలేదు. ఎనిమిదేళ్లు దాటింది. వెతకని ఊరు లేదు. వాళ్లమ్మ కొడుకు కోసం ఎదురుచూసి ఎదురుచూసి రెండేళ్ల కిందట పోయింది. "మా వదిన ఆ ఇంట్లోనే ఉందండి. పుట్టింటివాళ్లు రమ్మన్నా వెళ్లలేదు. బొట్టు ఉంచుకోమని కొందరు, తీసెయ్యమని కొందరు. ఊళ్లో ప్రతివాళ్లకూ ఆవిడ నుదుటి మీదే కన్ను. నిలబడ్డ తీరు చూసి నాకు అనుమానం వచ్చిందండి. పెద్ద ఫొటో చూశాక అనుమానం లేదు. ఏ ఊరో చెప్పండి, ఇవాళే బయల్దేరతాను."

నేను రెండు రోజులు గడువు అడిగాను. ఆయన ఎందుకని అడగలేదు, సరేనన్నాడు. ఆ మర్యాద నన్ను మరింత ఇబ్బంది పెట్టింది. మా ఆయనకు చెబితే అన్నం తింటున్నవాడు చెయ్యి ఆపి, "దాక్కున్న మనిషిని పట్టిచ్చేకి మనమెవరు?" అన్నాడు. నా భయమూ అదే. ఫొటో తీస్తానని నేను అతన్ని అడగలేదు. అతను ఎవరికీ కనబడకూడదనుకుని అంతదూరం వచ్చాడు. ఇప్పుడు తెలిస్తే ఇంకెక్కడికి పోతాడో, ఈసారి ఏ కెమెరాకూ అందకుండా పోతాడేమో. అలాగని ఊరుకుంటే, అక్కడ ఒకామె ఉంది. మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, "నువ్వే పోయి ఆయప్పను అడుగు. చెప్పొద్దంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన చెప్పిన మంచి మాటల్లో అదొకటి.

మరుసటి రోజే సెలవు పెట్టి పెద్దమ్మ ఊరికి వెళ్లాను. ఫొటో చూపిస్తే పెద్దమ్మకు పోల్చుకోడానికి క్షణం పట్టలేదు. "కోస్తాయన కదా పాపా. సెనక్కాయలు ఒలిచే మిషను కాడ ఉంటాడు, మిషను ఆడనప్పుడు గడ్డి క్యాంపులో పని చేస్తాడు. మంచోడే. నోట్లో మాట లేదు. పెండ్లాం బిడ్డలు ఉండారా అంటే ఎవురూ లేరని చెప్పినాడు." నేను సంగతి చెప్పాను. పెద్దమ్మ విని, కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత పక్కింటి వాళ్లతో, ఆవును చూసిపోవాల, ఒకసారి వచ్చి పొమ్మని అతనికి కబురు చెప్పి పంపింది. అబద్ధమెందుకు పెద్దమ్మా అంటే, "ఆవును కూడా చూస్తాడులే, దాని కాలు వాచింది" అంది.

అతను వచ్చాడు. ముందు ఆవు కాలు చూసి, పసుపు వేసి కట్టు కట్టాడు. తర్వాత మెట్టు మీద కూర్చున్నాడు. స్టూడియోలో వేయించుకొచ్చిన ఫొటో నేను అతని చేతికిచ్చాను. పెద్దమ్మను, ఆవును చూసి కొంచెం నవ్వాడు. అప్పుడు మూలనున్న మనిషిని చూశాడు. "ఇది నేనేనాండి?" అన్నాడు. "తల ఇంత నెరిసిపోయిందా" అన్నాడు. అద్దం చూసుకుని ఎన్నాళ్లయిందో. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ ఫొటో మీ తమ్ముడు చూశారు, ఊరు పేరు నేనింకా చెప్పలేదు, చెప్పమంటేనే చెబుతాను అన్నాను. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. లేవలేదు. ఫొటోను మోకాలి మీద పెట్టుకుని దాని అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"అమ్మ ఉందాండి?" అన్నాడు.

"పోయినారంట. రెండేళ్లయింది."

తల ఊపాడు. "ఆవిడ?" అన్నాడు.

"మీ ఇంట్లోనే ఉండారు."

పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. అతను ముట్టుకోలేదు. తనే చెప్పడం మొదలుపెట్టాడు. రైలు ఎక్కానని, ఎక్కడికో తెలియదని, ఎవరో ఎక్కిస్తే లారీ ఎక్కానని, ఒక పొద్దుటిపూట ఈ ఊరి పక్క హగరి వంతెన దగ్గర దిగానని. "ఏరని చెప్పారండి. చూస్తే చుక్క నీళ్లు లేవు. అంత ఏట్లో ఇసకే. పిల్లలు ఆ ఇసకలో ఆడుకుంటున్నారు, చిన్న చిన్న పిల్లలు. పెద్దవాళ్లెవరూ దగ్గర లేరు. చూస్తూ కూర్చున్నాను. భయం వెయ్యలేదండి. పాప పోయాక పిల్లలు ఆడుకుంటుంటే నాకు భయం వెయ్యకపోవడం అదే మొదలు. అందుకని ఇక్కడే ఉండిపోయాను."

మా నేల మీద ఎండిన ఏరును చూసి ఏడ్చినవాళ్లను ఎరుగుదును. దాన్ని చూసి ప్రాణం కుదుటపడిన మనిషిని అతన్నే చూశాను. పిల్లలకు వర్షాభావ ప్రాంతం పాఠం ఎన్నిసార్లు చెప్పానో, తర్వాత ఎప్పుడు చెప్పినా అతని ముఖం గుర్తుకొచ్చి మాట తడబడేది. చెప్పమంటారా వద్దా అని అడిగాను. "తమ్ముడికి చెప్పండి. ఆవిణ్ణి మాత్రం రావద్దనండి. ఆవిడ ముందు నిలబడలేను" అన్నాడు. ఆ మాటే అక్షరం పొల్లు పోకుండా పోస్టాఫీసాయనకు చెప్పాను. ఆయన కూడా అక్షరం పొల్లు పోకుండా వదినకు చెప్పాడట. ఆవిడ విని, ఏ రైలు అని అడిగిందట.

వాళ్లిద్దరూ గుంతకల్లులో రైలు దిగి, బస్సులు మారి, మధ్యాహ్నానికి పెద్దమ్మ ఊరు చేరారు. నేను అక్కడే ఉన్నాను. పోస్టాఫీసాయన నేను ఊహించుకున్న దానికంటే పొట్టి, గొంతు మాత్రం అదే. ఆవిడ సన్నగా, కొంచెం ముందుకు వంగి నడుస్తోంది. నుదుట చిన్న బొట్టు. దారంతా ఎర్రమట్టి, రాళ్లు, ఎండిపోయిన చేలు చూసి, "ఇక్కడ మనుషులు ఏం తింటారండి?" అని అడిగింది. పెద్దమ్మ జవాబుగా కంచంలో సంగటి ముద్ద పెట్టి, పక్కన సెనక్కాయల చట్నీ వేసింది. ఎలా తినాలో తెలియక ఆవిడ అన్నంలా కలపబోయింది. "కలిపేది కాదమ్మా, తుంచుకుని అద్దుకుని మింగేది" అని పెద్దమ్మ చేసి చూపించింది. అంత ప్రయాణం చేసి వచ్చిన ఆవిడ మొదటిసారి నవ్వింది అప్పుడే.

అతను వచ్చి గడప అవతల నిలబడ్డాడు. తమ్ముడు లేచి వెళ్లి చేతులు పట్టుకున్నాడు. మేము పక్కకు పోబోతే ఆవిడ, "మీరూ ఉండండి, దాచుకునేదేం లేదు" అంది. వాళ్లది మేనరికం, అతన్ని బావా అనే పిలిచింది.

"చిక్కిపోయావు బావా" అంది. అతను నేల చూశాడు. "నిన్ను తీసుకెళ్లడానికి రాలేదు. రెండు మాటలు అడిగి పోదామని వచ్చాను. పాప నీ ఒక్కడికే పోయిందా? నాకు పోలేదా?"

ఆవిడ గొంతు పెంచలేదు.

"నువ్వు పోయాక నేనెవరితో ఏడవను? అత్తయ్య దగ్గర ఏడిస్తే ఆవిడ నీకోసం ఏడిచేది. మా అమ్మ దగ్గర ఏడిస్తే నా బతుకు చూసి ఏడిచేది. పాప కోసం నాతో కూర్చుని ఏడిచే మనిషి లేకుండా చేసి పోయావు."

"నిన్ను చూడలేకపోయానే" అన్నాడు అతను. "నీ మొహంలో అదే కనబడేది."

"నీ మొహంలో నాకూ అదే కనబడేది. అందుకే చూడాలనుకున్నాను."

అతను గడప అవతలే కూలబడి, తల మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. ఆవిడ లేచి వెళ్లి అతని పక్కన, కొంచెం ఎడంగా కూర్చుంది. ఓదార్చలేదు, ముట్టుకోలేదు. ఎండ వాకిట్లోంచి గోడ మీదికి ఎక్కిందాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు. పెద్దమ్మ ఆవును విప్పి తోలుకుని పోయింది, ఆ వేళ దానికి పోవలసిన పనేమీ లేకపోయినా.

మర్నాడు పొద్దున వదినా మరిదీ వెళ్లిపోయారు. ఆవిడ సంచి అతనే బస్సుదాకా మోశాడు. బస్సు కదిలింది. రమ్మని ఆవిడ అనలేదు, వస్తానని అతననలేదు. పోస్టాఫీసాయన కిటికీలోంచి ముఖం బయటపెట్టి మలుపుదాకా చూస్తూనే ఉన్నాడు. నాకు చాలా నిరాశ కలిగింది. ఇంత చేసి ఏం ప్రయోజనమని పెద్దమ్మతో అంటే ఆమె విసుక్కుంది. "ఏం పాపా, ఫొటో మాదిరి నొక్కతానే వస్తుందా? ఉండనీ" అంది.

గుంపులో నేను ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. చెప్పడానికి అది నా కథ కాదు. ఆ బొమ్మను కొయ్యడం లేదని మాత్రం రాశాను. కారణం చెప్పకుండా సలహా కాదన్నానని పెద్దాయన కొన్ని నెలలు నా బొమ్మల కింద ఏమీ రాయలేదు. అలిగారని తెలుస్తూనే ఉంది. పోస్టాఫీసాయన సరేనన్నాక, దసరా సెలవుల్లో ఆయనకు విడిగా రాశాను. వెంటనే జవాబొచ్చింది. "అమ్మా, నలభై ఏళ్లుగా ఫొటోలు తీస్తున్నాను. వెనకున్న మనుషుల్ని ఎంతమందిని కోసి పారేశానో" అని రెండే వాక్యాలు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి గానీ గట్టిగా వచ్చాయి. పైన కన్నడ దేశంలో పడిన వానకు హగరి పారింది. ఊరు ఊరంతా ఏటి గట్టు మీదే ఉందని, ముసలీ ముతకా నీళ్లకు దండాలు పెట్టుకున్నారని పెద్దమ్మ ఫోనులో చెప్పింది. "కోస్తాయన మాత్రం కట్టె పట్టుకుని గట్టు మీద నిలబడి, నీళ్లు చూసేకి వచ్చిన పిల్లోళ్లను ఒక్కర్నీ కిందికి దిగనీలేదు. అన్నం తినేకి కూడా పోలేదు. ఊర్లోవాళ్లు నవ్వినారు. నేను నవ్వలేదు పాపా" అంది. వాన పడ్డాక గడ్డి క్యాంపు ఎత్తేశారు. పశువుల్ని ఎవరివి వాళ్లు తోలుకుపోయారు.

తర్వాత కొద్ది రోజులకు అతను మా ఇంటికొచ్చాడు. ఉతికిన చొక్కా, చేతిలో గుడ్డసంచి, పెద్దమ్మ వేయించి ఇచ్చిన వేరుశనగ బుడ్డల పొట్లం. వాళ్ల ఊరికి రైలు ఎప్పుడుందో కనుక్కుందామని వచ్చానన్నాడు. అన్నం పెట్టాను. తింటూ తింటూ ఆగి, "నీళ్లు లేని ఊరంటూ లేదండి. ఇక్కడికీ వచ్చేశాయి" అన్నాడు. ఇంకాసేపటికి, "ఆవిడ రమ్మనలేదు కదండి?" అన్నాడు.

"రావద్దని కూడా అనలేదు కదన్నా" అన్నాను.

మా ఆయన అతన్ని స్టేషనుకు తీసుకెళ్లి రైలు ఎక్కించి, రైలు కదిలిందాకా ఉండి వచ్చాడు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "పోయినాడు" అన్నాడు.

దీపావళి వెళ్లిన తర్వాత పోస్టాఫీసాయన గుంపులో ఒక బొమ్మ పెట్టాడు. పెంకుటింటి అరుగు. దాని మీద ఒక మగమనిషి, ఒక ఆడమనిషి చేటలో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తున్నారు. ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఇద్దరి చేతులూ చేటలో ఉన్నాయి. కింద ఎవరెవరో వెలుగు బాగుందని, నీడ ఎక్కువైందని రాశారు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. భాయ్ వచ్చి, టైము అయిపోయిందంటే లేచాను. డబ్బులివ్వబోతే నా ముఖం చూసి, "వచ్చేవారం ఇద్దువు లే అక్కా" అన్నాడు. అంతవరకూ నన్ను మేడమ్ అనేవాడు.

ఆ తర్వాత కొన్నేళ్లకు ఆ గుంపు పలచబడింది. అందరూ ఫోన్లలోకి, వేరే వేరే చోట్లకు వెళ్లిపోయారు. పెద్దాయన పోయారని ఆలస్యంగా తెలిసింది. మా పెద్దమ్మ పోయింది. కోస్తాయన భార్యతో మాత్రం నాకు పరిచయం నిలిచింది, ఆవిడ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఫోను చేసేది. ఆయన కాలవ వైపు వెళ్లడని, ఎడ్లను అమ్మేసి కూరగాయలు పెడుతున్నారని, సాయంత్రమైతే ఇద్దరూ అరుగు మీద కూర్చుంటారని చెప్పేది. "పాప గురించి మాట్లాడుకుంటామండి. ఉంటే ఇప్పుడు ఎంతదయ్యేదో అనుకుంటాం. ఒక్కోసారి నవ్వుకుంటాం కూడా" అంది ఒకసారి.

కరోనా రావడానికి ముందు ఏడు ఆవిడే ఫోను చేసింది. ఆయన గుండెజబ్బుతో పోయాడు. ఆసుపత్రిలో రెండు రోజులు ఉన్నాడట. ఆవిడే అంది, "ఈసారి చెప్పి వెళ్లాడండి. నా చెయ్యి పట్టుకుని చెప్పి వెళ్లాడు." తర్వాత, మీ వైపు వానలు పడ్డాయా అని అడిగింది.

వాళ్లు విడివిడిగా గడిపిన ఏళ్లు ఎక్కువా, తిరిగి కలిసి గడిపిన ఏళ్లు ఎక్కువా అని ఆ రోజు ఫోను పెట్టేశాక వేళ్లు మడవబోయి ఆపేశాను. ఎవరికి ఎంత కాలం దక్కిందో బయటివాళ్లు కూడి తీసి చెప్పగలిగింది కాదు; పక్కన కూర్చుని గడిపినవాళ్లకే దాని పొడుగు తెలుస్తుంది.